టెక్ సందేహాలు: టీవీకి దొరికిన హార్డ్ డిస్క్ ల్యాప్‌టాప్‌కు ఎందుకు దొరకదు?

ప్రశ్న: మా ఇంట్లో 2 టెరాబైట్ల పోర్టబుల్ హార్డ్ డిస్క్ ఉంది. ఇంటిల్లిపాది ఫొటోలు, మా అమ్మాయి పెళ్లి వీడియోలు అందులోనే ఉన్నాయి. అందరూ చూసుకోవచ్చని దాన్ని వైఫై రూటర్ వెనక ఉన్న యూఎస్‌బీ పోర్టుకు తగిలించాను. హాల్లో టీవీలో పెళ్లి వీడియో చక్కగా వస్తోంది కానీ, నా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో ‘నెట్‌వర్క్’ తెరిస్తే డిస్క్ జాడే లేదు. తెలిసినవారొకరు ఫార్మాట్ చేస్తే సరిపోతుందన్నారు. చేయమంటారా? (ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ)

జవాబు: ఫార్మాట్ చేయకండి. ఆ అవసరం లేదని మీ ఉత్తరంలోని ఒక్క వాక్యమే చెబుతోంది. టీవీలో పెళ్లి వీడియో ఆగకుండా నడుస్తోందంటే, రూటర్ ఇచ్చే కరెంటు డిస్క్‌కు సరిపోతోందని, డిస్క్ మీద ఉన్న ఫార్మాట్‌ను రూటర్ చదవగలుగుతోందని, వైఫై కూడా సవ్యంగానే ఉందని అర్థం. ఈ మూడూ కుదిరాక మిగిలేది ల్యాప్‌టాప్‌కూ రూటర్‌కూ మధ్య తగవు ఒక్కటే. దానికి డిస్క్‌ను శిక్షించడం అన్యాయం.

తగిలించిన డిస్క్‌ను ఇంట్లో పంచడానికి రూటర్ లోపల సాధారణంగా రెండు వేర్వేరు సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. మొదటిది డీఎల్‌ఎన్‌ఏ. ఇది ఫొటోలను, పాటలను, వీడియోలను టీవీకి కేవలం చూడటానికి, వినడానికి అందిస్తుంది. పాస్‌వర్డ్ కూడా అడగదు. రెండోది సాంబా. ఫైలును తెరవడం, మార్చడం, కాపీ చేయడం, తుడిచేయడం అన్నీ దీని చేతిలో ఉంటాయి. పేరు చూసి సాంబశివుణ్ని తలుచుకోనక్కర్లేదు. ఫైళ్లు పంచుకునే ‘ఎస్‌ఎంబీ’ పద్ధతి కోసం ఈ సాఫ్ట్‌వేర్‌ను ఆస్ట్రేలియాలో రాసిన ఆండ్రూ ట్రిడ్జెల్, ఆ మూడక్షరాలూ అదే వరుసలో వచ్చే మాట కోసం నిఘంటువు గాలించి పెట్టిన పేరిది. మీ టీవీ మొదటి గుమ్మంలోంచి లోపలికి వెళ్లింది, ల్యాప్‌టాప్ రెండో గుమ్మం దగ్గర ఆగిపోయింది.

‘నెట్‌వర్క్’ జాబితాలో పేరు లేనంత మాత్రాన తలుపు మూసి ఉందనుకోవద్దు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో పైన ఉండే అడ్రస్ పట్టీలో ఉన్నదంతా చెరిపేసి, రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టి రూటర్ చిరునామా టైప్ చేసి ఎంటర్ నొక్కండి. సాధారణంగా అది \\192.168.1.1 లేదా \\192.168.0.1 అవుతుంది. మీది ఏదో రూటర్ అడుగున అంటించిన స్టిక్కర్ మీద ఉంటుంది. ఫోల్డర్లు తెరుచుకున్నాయా, మీ సమస్య తీరినట్టే. ఆ ఫోల్డర్ మీద మౌస్ కుడి బటన్ నొక్కి ‘మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్’ ఎంచుకుని, జెడ్ వంటి ఒక అక్షరం ఇస్తే, ఇక మీదట అది మామూలు డ్రైవ్ లాగానే ‘దిస్ పీసీ’లో కనిపిస్తుంది.

తెరుచుకోకపోతే వచ్చే సందేశాన్ని విసుక్కోకుండా పూర్తిగా చదవండి. తరచుగా ఎదురయ్యేవి రెండు.

ఒకటి, ‘మీ సంస్థ భద్రతా విధానాలు గెస్ట్ ప్రవేశాన్ని అడ్డుకుంటున్నాయి’ అనే అర్థంలో వచ్చేది. సొంత డబ్బుతో కొనుక్కున్న ల్యాప్‌టాప్‌లో ఈ సంస్థ ఎక్కడి నుంచి వచ్చిందని చాలామంది కంగారు పడతారు. సంస్థ ఏదీ లేదు. పేరూ పాస్‌వర్డూ అడగకుండా ఎవరినైనా లోపలికి రానిచ్చే చోటికి తాను వెళ్లనని విండోస్ అంటోంది, అంతే. 2024లో వచ్చిన 24హెచ్2 కూర్పు నుంచి, ముఖ్యంగా ప్రో రకంలో, ఈ పట్టింపు మరింత బిగిసింది. అవతలి పరికరం తాను పంపే ప్రతి మాట కిందా సంతకం పెట్టాలని అది కోరుతుంది, పేరు లేని అతిథి సంతకం పెట్టలేడు. ఇంటర్నెట్‌లో వెతికితే ఈ పట్టింపును సడలించే చిట్కాలు దొరుకుతాయి. వాటి జోలికి వెళ్లకుండా రూటర్ పేజీలో (బ్రౌజర్‌లో రూటర్ చిరునామా కొడితే తెరుచుకునేది) యూఎస్‌బీ షేరింగ్ విభాగం తెరిచి, గెస్ట్ ప్రవేశాన్ని ఆపి, ఒక యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పెట్టండి. ల్యాప్‌టాప్ అడిగినప్పుడు ఇవ్వాల్సింది ఆ పాస్‌వర్డే. విండోస్ తెరవడానికి మీరు రోజూ నొక్కే పిన్ నంబరు ఇక్కడ చెల్లదు.

రెండోది, అవతలి పరికరం పాతబడిన, సురక్షితం కాని ఎస్‌ఎంబీ1 పద్ధతి వాడుతోందని చెప్పే సందేశం. ఇక్కడ నా మాట కాస్త కఠినంగా ఉంటుంది. ‘విండోస్ ఫీచర్స్’లోకి వెళ్లి ఎస్‌ఎంబీ1 ఎదుట టిక్ పెట్టమని సలహా ఇచ్చేవారు కోకొల్లలు, పెడితే డిస్క్ తెరుచుకుంటుంది కూడా. కానీ 2017 మే నెలలో ప్రపంచమంతా ఆసుపత్రులనూ కార్యాలయాలనూ స్తంభింపజేసిన, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వన్నాక్రై రాన్సమ్‌వేర్ కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు పాకింది విండోస్‌లోని ఈ ఎస్‌ఎంబీ1 లొసుగు ద్వారానే. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచే మైక్రోసాఫ్ట్ దాన్ని ముందుగా అమర్చి ఇవ్వడం మానేసింది. పెళ్లి వీడియో కోసం ఆ తలుపు మళ్లీ తెరవకండి. రూటర్ ఫర్మ్‌వేర్‌ను, అంటే దాని లోపలి సాఫ్ట్‌వేర్‌ను, అప్‌డేట్ చేసి ఎస్‌ఎంబీ2 వస్తుందేమో చూడండి. రాకపోతే ఆ రూటర్‌ను టీవీకి వీడియోలు అందించే పనికే ఉంచి, ఫైళ్లు పంచుకోవడానికి ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే కంప్యూటర్‌కు డిస్క్ తగిలించి ఫోల్డర్‌ను షేర్ చేయండి, లేదా చిన్న నాస్ పెట్టె (డిస్క్‌ను సొంతంగా నెట్‌వర్క్‌లో పంచే పరికరం) కొనండి.

ఫార్మాట్ మాట వచ్చింది కాబట్టి ఒక అపోహ కూడా తొలగిద్దాం. డిస్క్ విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉంటే ఆపిల్ మ్యాక్ దాని మీద రాయలేదనేది నిజమే కానీ, అది డిస్క్‌ను నేరుగా మ్యాక్‌కు తగిలించినప్పటి సంగతి. రూటర్ ద్వారా పంచినప్పుడు చదివేదీ రాసేదీ రూటరే కనుక, దానికి ఆ ఫార్మాట్ తెలిస్తే చాలు. ఐఫోన్ వాడేవారైతే ‘ఫైల్స్’ యాప్‌లో ‘కనెక్ట్ టు సర్వర్’ నొక్కి ఇదే చిరునామా, ఇదే పాస్‌వర్డ్ ఇవ్వవచ్చు. ఆండ్రాయిడ్‌లో ఎస్‌ఎంబీ తెలిసిన ఫైల్ మేనేజర్ యాప్ కావాలి.

ప్రశ్న: మాది మధురవాడలో రెండంతస్తుల ఇల్లు. కింద ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చిన రూటర్‌కు హార్డ్ డిస్క్ ఉంది. సిగ్నల్ అందడం లేదని పైన ఇంకో రూటర్ కొని కేబుల్‌తో కలిపాం. పైనున్న టీవీకి డిస్క్ కనిపించదు. ల్యాప్‌టాప్‌లో మాత్రం చిరునామా కొడితే వస్తుంది. ఇదేం వింత? (ఒక పాఠకురాలు)

జవాబు: వింతేమీ లేదండి. మీ ఇంట్లో ఇప్పుడు ఒకటి కాదు, రెండు నెట్‌వర్క్‌లు ఉన్నాయి. కింద రూటర్ ఇచ్చే చిరునామాలు 192.168.1తో మొదలైతే, పై రూటర్ బహుశా 192.168.0తో మొదలయ్యేవి ఇస్తూ ఉంటుంది. చిరునామా తెలిసి అడిగితే పైవారి మాట కిందికి వెళ్తుంది, అందుకే ల్యాప్‌టాప్‌కు పని జరిగింది. టీవీకి చిరునామా తెలియదు. అది ‘ఇక్కడ వీడియోలు ఇచ్చేవారెవరైనా ఉన్నారా’ అని కేక వేసి, పలికినవారిని జాబితాలో చూపిస్తుంది. ఆ కేక పై రూటర్ గడప దాటదు. పై రూటర్ పేజీలో ‘ఆపరేషన్ మోడ్’ తెరిచి ‘యాక్సెస్ పాయింట్’గా మార్చితే రెండంతస్తులూ ఒకే నెట్‌వర్క్ అవుతాయి. ఆ సదుపాయం లేని పాత రూటరైతే, అందులో చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని ఆపి, దాని సొంత చిరునామాను కింద రూటర్ వరుసలోనే ఎవరూ వాడని ఒక నంబరుకు మార్చి, కేబుల్‌ను నీలమో పసుపో వేరే రంగులో ఉండే ‘వాన్’ రంధ్రంలోంచి తీసి ‘లాన్’ రంధ్రంలో పెట్టండి. ఎవరైనా ‘గెస్ట్’ వైఫైలో ఉన్నా డిస్క్ కనిపించదు. అది లోపం కాదు, గెస్ట్ వైఫైని పెట్టుకునేదే అందుకు.

ప్రశ్న: గాజువాకలో మాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. రూటర్‌కు తగిలించిన డిస్క్‌లోకి 60 గిగాబైట్ల పెళ్లి ఫోల్డర్ పంపాలంటే కేబుల్ మీద కూడా గంటన్నర పడుతోంది. పైగా కరెంటు పోయి వస్తే ఒక్కోసారి డిస్క్ మాయమవుతోంది. (ఒక పాఠకుడు)

జవాబు: గంటన్నర అన్న మీ లెక్కే దొంగను పట్టిస్తోంది. సెకనుకు 100 మెగాబిట్ల లింకు మీద నికరంగా వెళ్లేది 11 నుంచి 12 మెగాబైట్లు. ఆ వేగంతో 60 గిగాబైట్లకు సరిగ్గా గంటన్నర అవుతుంది. అంటే మీ కంప్యూటర్‌కూ డిస్క్‌కూ మధ్య ఎక్కడో 100 మెగాబిట్ల ఇరుకు సందు ఉంది. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ కింద ఈథర్నెట్ తెరిచి లింక్ స్పీడ్ చూడండి. 100 అని ఉంటే, రూటర్ రంధ్రం అంతకు మించి ఇవ్వలేనిదైనా కావాలి, కేబులైనా కావాలి. గిగాబిట్‌కు కేబుల్‌లోని 8 తీగలూ కలిసి ఉండాలి, 100కు 4 చాలు. కాబట్టి మిగతా నాలుగింట్లో ఒక్క తీగ తెగినా వేగం నిశ్శబ్దంగా పదో వంతుకు పడిపోతుంది, ఎవరూ హెచ్చరించరు. కేబుల్ చివర ఉండే పారదర్శకమైన కనెక్టర్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని లోపల రంగుల తీగలు లెక్కపెట్టండి. ఎనిమిదీ ఇత్తడి రంగు పిన్నుల కిందికి చివరిదాకా వెళ్లాయో లేదో కంటికే తెలుస్తుంది. మా ఇంట్లో సముద్రం వైపు కిటికీ పక్కన ఉన్న కనెక్టర్ పిన్నుల మీద ఉప్పుగాలికి ఆకుపచ్చ చిలుము కనిపించింది. రెండు చివర్లూ కోసి కొత్త కనెక్టర్లు వేయించాక 100 కాస్తా 1000 అయింది.

అది సరిచేశాక కూడా రూటర్‌లోని యూఎస్‌బీ 2.0 రకమైతే సెకనుకు 30, 35 మెగాబైట్ల దగ్గర ఆగుతుంది. అంటే మీ ఫోల్డర్‌కు అరగంట. స్టూడియో పనికి అది చాలదనుకుంటే రూటర్ మీద ఇంకా ఖర్చు పెట్టకండి. గిగాబిట్ పోర్టు ఉన్న నాస్ కొనడమే దారి, దాని మీద అదే పని పది నిమిషాలకు అటూ ఇటూగా అయిపోతుంది.

డిస్క్ మాయం కావడానికి కారణాలు రెండు ఉండవచ్చు. పోర్టబుల్ డిస్క్‌కు సొంత అడాప్టర్ ఉండదు, రూటర్ ఇచ్చే కరెంటుతోనే బతకాలి. యూఎస్‌బీ 2.0 ప్రకారం అది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 అయితే 900. డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతుంది, రూటర్ కూడా అప్పుడే మేలుకుంటూ ఉంటుంది. చెవి దగ్గర పెట్టి వినండి. టిక్కు టిక్కుమని ఆగి ఆగి శబ్దం వస్తే మొదట అనుమానించాల్సింది కరెంటునే. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెడితే పోతుంది. హబ్ మీద కూడా అదే శబ్దం వస్తే డిస్కే పాడవుతున్నట్టు, ముందు అందులోవి బయటికి తీసుకోండి. శబ్దం లేకుండా డిస్క్ మామూలుగానే తిరుగుతూ ఫోల్డర్ మాత్రం కనిపించకపోతే అది రెండో కారణం. రాస్తుండగా కరెంటు పోయినందువల్ల డిస్క్ మీద ‘సరిగా మూయలేదు’ అన్న గుర్తు మిగిలిపోయింది, దాన్ని చూసి రూటర్ ముట్టుకోనంటోంది. డిస్క్‌ను విండోస్ కంప్యూటర్‌కు తగిలించి, ప్రాపర్టీస్‌లో టూల్స్ కింద ‘చెక్’ నొక్కితే ఆ గుర్తు తొలగుతుంది. అది మళ్లీ మళ్లీ జరగకుండా రూటర్‌కు, హబ్‌కు కలిపి యూపీఎస్ పెట్టండి. ఇన్వర్టర్ ఉందన్న ధీమా చాలదు, అది అందుకునేలోపు రూటర్ ఆరి వెలగవచ్చు. ఇన్వర్టర్‌కు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే దాన్ని అటు వైపు ఉంచండి.

మీరు అడగకపోయినా, ఇతరుల పెళ్లిళ్లు మీ దగ్గర ఉన్నాయి కాబట్టి చెబుతున్నాను. రూటర్‌కు తగిలించిన డిస్క్ పంచుకోవడానికి పెట్టుకున్నదే తప్ప బ్యాకప్ కాదు. ఒక కంప్యూటర్‌లోకి రాన్సమ్‌వేర్ వస్తే, మ్యాప్ చేసి ఉన్న జెడ్ డ్రైవ్‌ను కూడా అది సొంత డ్రైవ్ లాగానే తాళం వేసేస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన విశాఖ నగరంలో ఉన్నాం, స్టూడియోలో ఉన్న ప్రతి కాపీకీ పైకప్పు ఒకటే. ఇంకో డిస్క్ కొని, వారానికొకసారి తగిలించి కాపీ చేసి, తీసి ఇంటికి పట్టుకెళ్లండి. రూటర్ పేజీలో ‘ఎఫ్‌టీపీ’, ‘ఇంటర్నెట్ నుంచి ప్రవేశం’ వంటివి ఆన్‌లో ఉంటే ఈ రోజే ఆపేయండి.