మూడ్ రావట్లేదన్న అమ్మడికి

శ్రీకాళహస్తి

అమ్మడూ,

నీ మెసేజ్ చదివాను. నెల రోజులుగా బ్రష్ ముట్టలేదని, రాత్రి రెండింటి దాకా ఫోన్‌లో ఎవరెవరి బొమ్మలో చూస్తూ కూర్చుంటున్నానని రాశావు. “పెదనాన్నా, నీకెప్పుడూ ఇలా కాలేదా?” అని అడిగావు. ఎందుకు కాలేదూ! కాకపోతే కలంకారీలో మూడ్ కోసం ఆగే వీలుండదు.

బెల్లం, తుప్పుపట్టిన ఇనుప ముక్కలు నీళ్లకుండలో వేస్తే కసిమి, అంటే మేం గీతలు గీసే నల్లరంగు, కావడానికి మూడు వారాలు పడుతుంది. గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి ఆరేస్తాం. కరక్కాయ వగరు తగిలితేనే కసిమి నల్లగా తిరుగుతుంది. పాల జిడ్డు ఉంటేనే గీత పాకకుండా నిలబడుతుంది. ఇన్నాళ్లు పడ్డ పాటంతా ఎదురుగా పెట్టుకుని, ఇవాళ మనసు బాగోలేదంటే ఎట్లా? కూర్చుంటాం. చింతబొగ్గుతో ఒక గీత గీస్తే రెండోది ఎటు పోవాలో అదే చెప్తుంది. నాకు హుషారు ఎప్పుడూ పని మొదలెట్టిన అరగంటకే వచ్చింది, ముందొచ్చిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అందుకని రాత్రి బొమ్మ ముగించి పడుకోకు. చీర అంచో, చెట్టు కొమ్మో సగంలో వదిలెయ్. పొద్దున్నే ఏం వేయాలన్న టెన్షన్ ఉండదు.

ఫోన్ చూడొద్దనను. కానీ అందులో ఉన్నవన్నీ ఎవరో ఒకరు చూసేసి, ఏరిపెట్టినవే కదా. ఒకసారి మందోదరిని వేయాల్సి వచ్చింది. రావణుడి శవం పక్కన కూర్చున్న మందోదరి. ఎన్నిసార్లు గీసినా నాటకంలో ఏడుపులాగే వచ్చేది. విసుగొచ్చి గుడి వైపు వెళ్లాను. రాహుకేతు పూజకొచ్చిన జనంలో ఒకావిడ గోడకి ఆనుకుని, కొంగు పంటికింద పెట్టుకుని కూర్చుంది. ఏడవట్లేదు. చూపు మాత్రం ఎక్కడా లేదు. ఇంటికొచ్చి ఆ కొంగు ఒక్కటి మందోదరికి ఇచ్చాను. బొమ్మ కుదిరింది. కాబట్టి జేబులో పెన్సిలు పెట్టుకుని బస్‌స్టాండులో గంటసేపు కూర్చో. మొహాలు వద్దు, చేతులు మాత్రమే గియ్యి.

తప్పు పడుతుందని భయం కూడా ఉన్నట్టుంది నీకు. కసిమి గీతకి రబ్బరు లేదు తల్లీ. నేర్చుకునే రోజుల్లో సీత బుగ్గ మీద చుక్క పడేశాను. ఏడుపొక్కటే తక్కువ. మా గురువు చూసి, “దిష్టిచుక్క పెట్టావులే, మిగతాది గియ్యి” అన్నారు. ఆ చీర అమ్ముడుపోయింది కూడా!

డబ్బు కోసం వేస్తే కళ కాదేమోనన్నావు. నేను చాలా ఏళ్లు ఆర్డరుంటేనే వేశాను. అసలు మన ఊళ్లో ఈ పని అడుగంటిపోతున్న రోజుల్లో, 1950ల్లో, చేతిపనుల్ని నిలబెట్టడానికి పాటుపడ్డ కమలాదేవి చట్టోపాధ్యాయ పూనుకోవడం వల్ల శిక్షణ కేంద్రం వచ్చింది. అట్లా పని దొరకబట్టే మాలాంటి వాళ్లం కలం పట్టాం. కూలి గిట్టుబాటైన చోటే కొత్త బొమ్మలూ పుట్టాయి.

దసరాకి రా. ఇవాళే కుండలో బెల్లం, ఇనుము వేసి పెట్టాను, నువ్వొచ్చేసరికి పులుస్తుంది. వెదురు కలం నువ్వే చెక్కుకోవాలి. పాత బట్టలు తెచ్చుకో, కసిమి మరక పోదు. మీ పెద్దమ్మ ఇప్పటినుంచే గొణుగుతోంది.

మీ పెదనాన్న