పాత డాట్సన్ 510లో టర్బో ఇంజన్ వేస్తే ఎంత పవర్ దగ్గర ఆగాలి?

1970 నాటి రెండు డోర్ల డాట్సన్ 510లో నిస్సాన్ టర్బో ఇంజన్ ఎస్‌ఆర్20డీఈటీ వేస్తే ఎంత హార్స్‌పవర్ దాకా వెళ్లొచ్చు, ఆ తర్వాత రోజూ నడుపుకోవచ్చా అని అడిగారు. అదే ఇంజన్‌తో ఒక 510 కట్టుకుని నడుపుతున్నాను కాబట్టి సూటిగా చెబుతాను: ఫ్యాక్టరీ బూస్ట్‌లోనే (టర్బో ఇంజన్‌లోకి గాలిని నెట్టే ఒత్తిడి, కంపెనీ పెట్టినంతే) ఉంచండి, 205 హార్స్‌పవర్ చాలు. ఎక్కడ ఆగాలో తేల్చేది ఇంజన్ కాదు, వెనక మడ్‌గార్డ్ కింద పట్టే టైరు.

లెక్క చూడండి. 510 బరువు దాదాపు 950 కిలోలు. దాని సొంత ఎల్16 ఇంజన్ 1595 సీసీ, 96 హార్స్‌పవర్. నిస్సాన్ ఎస్13 సిల్వియా కారులో వచ్చిన ఎస్‌ఆర్20డీఈటీ 1998 సీసీ, 205 హార్స్‌పవర్, 274 న్యూటన్ మీటర్ల టార్క్. బరువు అంతే ఉండి పవర్ రెండింతలు దాటింది. మడ్‌గార్డ్ కోయకుండా ఉంచితే 15 అంగుళాల వీల్ మీద 195 లేదా 205 టైరు పడుతుంది. నా కారుకు ఉన్నది 195/50. తడి రోడ్డు మీద రెండో గేర్‌లో బూస్ట్ అందుకోగానే దాని పట్టు జారుతుంది. ఇదే ఇంజన్‌ను బాగా పెంచి, పెద్ద టర్బో వేసిన ఒక మిత్రుడి 510 కూడా నడిపాను. పొడి రోడ్డు మీద మూడో గేర్‌లోనూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కే వీల్లేదు. అంత పవర్ వాడుకోవాలంటే మడ్‌గార్డ్‌లు వెడల్పు చేయాలి. ఆ సూటి గీతల బాడీని అలా మార్చడానికి నాకైతే మనసొప్పదు.

డబ్బూ శ్రద్ధా ఎక్కువ పెట్టాల్సిన చోటు వెనక సస్పెన్షన్. 1967లో వచ్చిన ఇంత చిన్న సెడాన్‌కు నాలుగు చక్రాలకూ ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉండటం గొప్ప విషయం. పీటర్ బ్రాక్ నడిపిన బీఆర్ఈ జట్టు తరఫున జాన్ మోర్టన్ 1971, 1972లో అమెరికాలో ట్రాన్స్-యామ్ కారు రేసుల సిరీస్‌లో 2.5 లీటర్ల విభాగం గెలిచింది ఈ కారుతోనే. కానీ వెనక చక్రాలను పట్టి ఉంచే సెమీ ట్రెయిలింగ్ ఆర్మ్‌లకు ఒక స్వభావం ఉంది. వెనక భాగం కిందికీ పైకీ కదిలినప్పుడల్లా చక్రాల వాలు, అవి చూసే దిశ రెండూ మారుతుంటాయి. మలుపు మధ్యలో ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలితే వెనక లేస్తుంది, తోక పక్కకు విసురుతుంది. 96 హార్స్‌పవర్‌తో వెళ్లే వేగంలో సర్దుకోవచ్చు, టర్బో వేగంలో అంత సమయం దొరకదు. పైగా కారును కిందికి దించితే వెనక చక్రాలు లోపలికి వాలిపోయి టైరు లోపలి అంచు త్వరగా అరిగిపోతుంది. ఆ ఆర్మ్‌లు బిగించి ఉండే, కంపెనీ ఇచ్చిన క్రాస్‌మెంబర్‌లో దీన్ని సరిచేసే ఏర్పాటు లేదు. అడ్జస్ట్ చేసుకునే బ్రాకెట్లు వెల్డ్ చేయించి, మంచి అలైన్‌మెంట్ చేయించండి. ఇంజన్ కొనకముందే ఈ పని అయిపోవాలి.

అక్కడే డిఫరెన్షియల్ నుంచి వెనక చక్రాలకు పవర్ తీసుకెళ్లే హాఫ్ షాఫ్ట్‌లు కూడా చూడండి. పాతవాటిలో యూనివర్సల్ జాయింట్లు, మధ్యలో పొడవు పెరిగి తగ్గే స్ప్లైన్ (ఒకదానిలో ఒకటి జారే పళ్ల జోడు) ఉంటాయి. టార్క్ గట్టిగా పడితే ఆ స్ప్లైన్ బిగుసుకుంటుంది, సస్పెన్షన్ కదలాల్సినప్పుడు కదలదు, తర్వాత ఒక్క కుదుపుతో వదులుతుంది. మలుపులో ఇది జరిగితే కారు ఒక అడుగు పక్కకు జరిగినట్టుంటుంది. టార్క్ పడినా అలా బిగుసుకోని సీవీ జాయింట్ల షాఫ్ట్‌లు వేశాక ఆ కుదుపు మాయమైంది. ఈ బండి మొత్తంలో నాకు అత్యంత తృప్తినిచ్చిన మార్పు ఇదే, ఇంజన్ కంటే కూడా. డిఫరెన్షియల్ అసలుది ఆర్160. ఫ్యాక్టరీ బూస్ట్‌తో, క్లచ్ దబ్బున వదిలే అలవాటు లేకపోతే నెట్టుకొస్తుంది. బలం కావాలంటే సుబారు ఎస్‌టీఐ ఆర్180ని అడాప్టర్లతో బిగిస్తారు.

బ్రేకులకు చాలామంది ఎంచుకునే దారి డాట్సన్ 280జెడ్‌ఎక్స్ కారు ముందు స్ట్రట్‌లు (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగాలు), వాటి మీద పెద్ద డిస్కులు. నేనూ అదే చేశాను. దానితో పాటు స్టీరింగ్ బాక్స్, ఐడ్లర్ ఆర్మ్‌లలో ప్లే (వదులు) తీయించండి. తుప్పు సంగతి చెప్పక్కర్లేదు: ఫ్లోర్, డోర్ల కింది సిల్స్, ముందు రెయిల్స్, అద్దం కింది అంచు గీకి చూడకుండా ఏ పనీ మొదలుపెట్టొద్దు.

పెట్రోల్ విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఎల్16 కార్బురేటర్‌కు తక్కువ ప్రెషర్ మెకానికల్ పంపు సరిపోయేది. ఎస్‌ఆర్‌కు ఇంజెక్షన్ పంపు, దాదాపు 3 బార్ ప్రెషర్ కావాలి. పాత ట్యాంకులో సగం పెట్రోల్ ఉన్నప్పుడు పొడవైన మలుపు తిరిగితే అది ఒక పక్కకు చేరి పంపు గాలి పీలుస్తుంది. బూస్ట్ మీద ఉండగా ఇంధనం తగ్గితే డిటొనేషన్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) వచ్చి పిస్టన్లే పోతాయి. పంపుకు ఎప్పుడూ పెట్రోల్ అందేలా కొంత నిల్వ ఉంచే చిన్న సర్జ్ ట్యాంక్ పెట్టించండి, ఖర్చు కాస్త పెరిగినా సరే. ఎస్‌ఆర్ తీసుకున్నాక వాల్వ్ కవర్ తెరిచి వాల్వ్‌లను నొక్కే రాకర్ ఆర్మ్‌లకు స్టాపర్లు కూడా వేయించండి, ఎందుకంటే ఆర్‌పీఎం హద్దు దాటితే ఆ ఇంజన్‌లో రాకర్ ఆర్మ్‌లు ఊడిపడటం మామూలే.

ఇక రోజూ నడపడం గురించి. నడుపుకోవచ్చు, నేను నడుపుతున్నాను. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ రేడియేటర్‌కు అడ్డం వస్తుంది కాబట్టి మందమైన అల్యూమినియం రేడియేటర్, పూర్తి ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు)తో ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉంటే ట్రాఫిక్‌లో వేడెక్కదు. టర్బో పక్కన వెళ్లే బ్రేక్, క్లచ్ పైపులకు హీట్ షీల్డ్ పెట్టండి. ఇంజన్ మార్పును రిజిస్ట్రేషన్‌లోనూ ఇన్సూరెన్స్‌లోనూ నమోదు చేయించాకే రోడ్డెక్కించండి.