పార్కు అడిగేముందు స్థలం ఎవరిదో తేల్చండి

విజయవాడ సింగ్ నగర్‌లో మీ ఇంటి పక్క పాడుబడ్డ స్థలం చెత్తకుప్ప అయిందని, పార్కు చేయించాలంటే ఎవరిని కలవాలని అడిగారు కదండీ. అర్జీకి సంతకాలు సేకరించడం తర్వాత, ముందు అది ఎవరిదో తేల్చండి. వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని అడగండి. అక్కడ తేలకపోతే కార్పొరేషన్‌కి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలే, 30 రోజుల్లో జవాబివ్వాలి. అందులో మీ లేఅవుట్ ప్లాన్ (ప్లాట్లు, రోడ్లు, ఖాళీ స్థలాలు చూపే మ్యాప్) నకలు తప్పకుండా అడగండి, అసలు కీలకం అదే. లేఅవుట్ వేసినవాళ్లు 10 శాతం ఖాళీ స్థలం కార్పొరేషన్‌కి రాసివ్వాలి. మీరు చెప్పే స్థలం అదే అయితే సగం పని అయినట్టే. ఆ నకలు జతచేసి కార్పొరేషన్‌లో సోమవారం ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వండి, రసీదు దాచుకోండి. ప్రైవేటుదైతే పరిహారం లేకుండా తీసుకోలేరు, టైం పడుతుంది. ఈలోగా చెత్తయినా తీయించమని శానిటరీ ఇన్‌స్పెక్టర్ వెంటపడండి. దోమల మధ్య పిల్లలు ఆడుకోవడం నాకు అస్సలు నచ్చలేదు.