డాలస్ వెళ్తున్న మేనకోడలికి, చార్జర్ల గురించి నాలుగు మాటలు

బిడ్డా,

నీకు వీసా వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసిన దగ్గర్నుంచి కనపడిన వాళ్లందరికీ చెప్పుకుంటూ తిరుగుతున్నా. కానీ సూట్‌కేసులో మిక్సీ, రైస్ కుక్కర్ కూడా సర్దుతున్నారని తెలిశాక టెన్షన్ పట్టుకుంది. అందుకే ఇంత పొడుగు మెసేజ్. విసుక్కోకుండా చదువు.

ఫోన్, లాప్‌టాప్ చార్జర్లకు భయం లేదు. వాటి మీద చిన్న అక్షరాల్లో ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉందా చూడు. ఉంటే అమెరికా 120కీ, మన 230కీ పనికొస్తాయి. అక్కడి సాకెట్‌కి పట్టే అడాప్టర్ ఒకటి కొనుక్కో, లాప్‌టాప్‌కు మాత్రం ఎర్త్ పిన్ను ఉన్నదే తీసుకో. పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి.

అడాప్టర్ పిన్నును మారుస్తుందే తప్ప వోల్టేజీని మార్చదు. ఇది మాత్రం బుర్రకెక్కించుకో.

నేను సౌదీలో వైరింగ్ పని చేసే రోజుల్లో అక్కడి పాత ఇళ్లలో రెండు రకాల కరెంటు ఉండేది. ఒక సాకెట్‌లో 127 వోల్టులు, దాని పక్కదాంట్లో 220. మా రూములో జగిత్యాల అతను ఒకడు, కూతురికి పంపాలని ఎన్నో నెలలు డబ్బు కూడబెట్టి టేప్ రికార్డర్ కొన్నాడు. దాని వెనక గోటితో జరిపే చిన్న స్విచ్ ఉంటుంది, అది 110 మీద ఉంది. చూసుకోకుండా, పాట విందామన్న తొందరలో 220లో పెట్టేశాడు. పాట రాలేదు, లోపల బుర్రుమని మోత, ఆ వెంటనే వార్నిష్ మాడిన వాసన, వెనక చిల్లుల్లోంచి పొగ. నేను ఉరికి ప్లగ్గు పీకేశా. విప్పి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ రాగి తీగ నల్లగా మాడి ముద్దయిపోయింది. పాపం, ఆ రాత్రి అతను అన్నం ముట్టలేదు. నా కళ్లు మాత్రం దాని పక్కనే ఉన్న దుప్పటి మీదే ఉన్నాయి. పెట్టేసి బయటికి పోయుంటే ఏమయ్యేది? మంచం మీద ఫోన్ చార్జింగ్ పెట్టి పడుకుంటావని మీ అమ్మ చెప్పినప్పుడల్లా నాకు ఆ దుప్పటే గుర్తొస్తుంది. ఆ అలవాటు ఇక్కడే మానెయ్, చెప్తున్నా!

అక్కడి వోల్టేజీ మనదాంట్లో దాదాపు సగమే కాబట్టి నువ్వు తీసుకెళ్లే కుక్కర్ అక్కడ కాలిపోదులే, కానీ వేడి పావు వంతే వస్తుంది, బియ్యం నానతాయి గానీ ఉడకవు. మిక్సీ మూలుగుతుంది, పప్పు నలగదు. వోల్టేజీని పెంచే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు గానీ 750 వాట్ల మిక్సీకి 1500 వాట్లదైనా ఉండాలి, అంత బరువు నీకెందుకు? అక్కడి కరెంటుకు పనికొచ్చే 110 వోల్టుల మిక్సీలు మన కంపెనీలవే అక్కడ దొరుకుతాయి, ఒకటి కొనుక్కో. డబ్బులు నేను పంపిస్తా, మీ నాన్నతో చెప్పకు.

అసలు ప్రమాదం తిరిగొచ్చేటప్పుడు. అక్కడ కొన్న 120 వోల్టుల హెయిర్ స్ట్రెయిటనర్ ఇక్కడ పెట్టావంటే దాదాపు నాలుగింతల పవర్ లాగుతుంది, జుట్టు దగ్గర పెట్టుకునే వస్తువది. దాని మీద 100-240 అని లేకపోతే అక్కడే ఎవరికైనా ఇచ్చేసి రా.

ఏ చార్జర్ మీదైనా అనుమానం వస్తే ప్లగ్గులో పెట్టకముందే వెనక రాసింది ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. మాకు అర్ధరాత్రి కదా అని ఆగకు, ఫోన్ తలదగ్గరే ఉంటుంది.

మామ