16 టీబీ డిస్కు కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన లింకు రాత్రి తెరిచి చూశాను. అరచేతిలో పట్టే నల్లటి డబ్బా, దాని మీద 16 టీబీ, అంటే 16 వేల జీబీ, అన్న అక్షరాలు, కింద 2,999 రూపాయల ధర. "మామయ్యా, నేను తీసే పెళ్ళి వీడియోలు దాచుకోవడానికి ఇది తీసుకోనా?" అని అడిగావు. తీసుకోవద్దు తల్లీ. ఆ ఒక్క మాట ఫోనులో చెప్పి ఊరుకోవచ్చు గాని, ఇది వద్దంటే రేపు ఇలాంటిదే ఇంకొకటి నీ కంట పడుతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు ఆ డబ్బా సంగతి. అంత చిన్నదానిలో పట్టే హార్డ్‌డిస్కు 2.5 అంగుళాలది. ఆ సైజులో చాలా ఏళ్ళు 5 టీబీయే హద్దు. 2024లో వెస్టర్న్ డిజిటల్ అనే కంపెనీ 6 టీబీది తెచ్చింది. 16 టీబీ హార్డ్‌డిస్కు కావాలంటే 3.5 అంగుళాల పెద్దదే కొనాలి. అది చిన్న నిఘంటువంత ఉంటుంది, ముప్పావు కిలోకు కాస్త అటూఇటూగా తూగుతుంది, యూఎస్‌బీ తీగలో వచ్చే కరెంటు దానికి చాలదు కాబట్టి విడిగా అడాప్టర్ పెట్టుకోవాలి. హార్డ్‌డిస్కు కాదు, చిప్పులతో చేసిన ఎస్ఎస్‌డీ అంటారా? అంత మెమరీ మూడు వేలకు రావడం జరగని పని.

మరి ఆ డబ్బాలో ఏముంటుంది? ఇలాంటివి విప్పి చూసినవాళ్ళకు 64 జీబీదో 128 జీబీదో ఒక మెమరీ కార్డు దొరికింది. దాన్ని నడిపే చిప్పుకు అబద్ధం నేర్పి పెడతారు. కంప్యూటర్ అడిగితే 16 టీబీ ఖాళీ ఉందంటుంది. అసలున్న చోటు నిండేదాకా ఫైళ్ళు సరిగ్గానే ఎక్కుతాయి. నిండాక వచ్చినవి పాతవాటి మీద పడి వాటిని చెరిపేస్తాయి, లేదా ఎక్కడా పడవు. ఫోల్డర్ తెరిస్తే పేర్లుంటాయి, సైజులుంటాయి, తేదీలుంటాయి. వీడియో మీద నొక్కితే ఏమీ రాదు.

ఇది నేను విన్నది కాదు, నాకు జరిగింది. స్టూడియో నడుపుతున్న రోజుల్లో చవకగా వచ్చిందని 2 టీబీ అని రాసున్న డబ్బా ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. ఒక పెళ్ళి మొత్తం దానిలోకి ఎక్కించి, కెమెరా కార్డులు తుడిచేసి మర్నాటి పెళ్ళికి వెళ్ళిపోయాను. పది రోజుల తర్వాత ఎడిటింగ్‌కు కూర్చుంటే ముహూర్తం దాకానే ఉంది. ఆ ఇంట్లో పెళ్ళికూతురి నాయనమ్మ అప్పగింతల పాట పాడింది. పందిట్లో అందరూ ఏడ్చారు, కెమెరా పట్టుకున్న నేను కూడా. ఆ పాట లేదు. వాళ్ళింటికి వెళ్ళి ఆ మాట చెప్పిన సాయంత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది. వాళ్ళు నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. డబ్బు తిరిగిచ్చేశాను. పాటను తిరిగివ్వలేకపోయాను. అప్పటినుంచి నా పద్ధతి ఒక్కటే: పూర్తిగా పరీక్షించని డిస్కులో ఒక్క ఫైలు కూడా దాచను, పరీక్షలో తప్పితే వెనక్కి తీసుకోని వాడి దగ్గర డిస్కే కొనను. కింద రాసేదంతా ఈ రెండింటి చుట్టూ తిరిగేదే.

ముందు నీకు ఎంత చోటు కావాలో లెక్క వేద్దాం. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీసే 4కె వీడియో గంటకు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు, ఆరేసి గంటలు అనుకుంటే ఒక్క పెళ్ళికి 540 జీబీ. అంటే 8 టీబీలో పద్నాలుగు పెళ్ళిళ్ళు, 16 టీబీలో దాదాపు ముప్పై. ఇంకో మాట కూడా తెలిసి ఉండాలి. 16 టీబీ డిస్కు పెడితే విండోస్ 14.5 అని చూపిస్తుంది. అది మోసం కాదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కపెడతాడు, విండోస్ 1,024 చొప్పున లెక్కపెడుతుంది. 8 టీబీది 7.27గా కనిపిస్తుంది. ఆ తేడా చూసి కంగారుపడి మంచి డిస్కును వాపసు పంపకు.

ఈ రోజున హార్డ్‌డిస్కులు తయారుచేసే కంపెనీలు ప్రపంచంలో మూడే: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. సామ్‌సంగ్ ఆ వ్యాపారాన్ని 2011లో సీగేట్‌కు అమ్మేసింది. కాబట్టి ఎప్పుడూ వినని పేరుతో పెద్ద హార్డ్‌డిస్కు కనబడితే లోపల ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉండాలి, లేదా అది డిస్కే కాకపోవాలి.

మంచి కంపెనీదైనా అన్ని డిస్కులూ నీ పనికి సరిపడవు. డిస్కు మీద సమాచారం రాసే పద్ధతులు రెండున్నాయి, సీఎంఆర్ అనీ ఎస్ఎంఆర్ అనీ. మొదటిదానిలో వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కనే ఉంటాయి. రెండోది మన పాత ఇళ్ళ పైకప్పు పెంకుల్లాంటిది. ఇంగ్లీషులో దాని పేరుకు అర్థమూ అదే. ఒక వరుస మీద ఇంకో వరుస కొంత కప్పుతూ రాస్తారు, అందుకే తక్కువ జాగాలో ఎక్కువ పడుతుంది. కాని మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీది వరుసలన్నీ ఎత్తి మళ్ళీ పరవాలి కదా, ఇక్కడా అంతే. ఒకసారి నింపి బీరువాలో పెట్టేదానికి ఎస్ఎంఆర్ పరవాలేదు. రోజూ ఫైళ్ళు ఎక్కించి, చెరిపి, మళ్ళీ ఎక్కించే ఎడిటింగ్‌కు అది నత్తనడక నడుస్తుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ శ్రేణిలోని 2 నుంచి 6 టీబీ డిస్కుల్లో కొన్ని చెప్పకుండా ఈ పద్ధతిలో చేసినవని బయటపడి పెద్ద గొడవైంది. ఆ తర్వాతే సీఎంఆర్ వాటికి రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టారు. సీగేట్‌లో 8 టీబీ బారాకుడా పెంకుల పద్ధతిది, ఐరన్‌వుల్ఫ్ శ్రేణి సీఎంఆర్‌ది. కొనే పేజీలో ఈ సంగతి చాలాసార్లు ఉండదు. మోడల్ నంబర్ రాసుకుని తయారీదారు వెబ్‌సైట్‌లో దాని వివరాల పత్రం తెరిచి చూడు.

మోడల్ నంబర్ పూర్తిగా చదవాలనడానికి ఇంకో కారణం ఉంది. సీగేట్ ఎక్సోస్ ఎక్స్16 శ్రేణిలో 16 టీబీ డిస్కు నంబర్ 001జీ తో ముగిస్తే అది మన కంప్యూటర్లకు తగిలే శాటా రకం. 002జీ తో ముగిస్తే సర్వర్లలో వాడే ఎస్ఏఎస్, అది నీ పెట్టెకు తగలనే తగలదు. చూడటానికి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి, ఎస్ఏఎస్‌ది ఒక్కోసారి చవకగా కూడా దొరుకుతుంది.

ఇక అమ్మేవాళ్ళ గురించి. నువ్వు పెద్ద వెబ్‌సైట్ పేరు చూసి నమ్ముతున్నావు. కాని అక్కడ సరుకు అమ్మేది చాలావరకు వేరేవాళ్ళు. ఆ పేరు ధర కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ముందు దాన్ని నొక్కి చూడు. ఎన్నాళ్ళుగా అమ్ముతున్నారు, ఇంకేం అమ్ముతున్నారు? చీరలూ ఫోను కవర్లూ అమ్మే దుకాణంలో సర్వర్ డిస్కు కనిపిస్తే పక్కకు తప్పుకో. సమీక్షల్లో ఐదు నక్షత్రాలవి వదిలేసి, ఈ మధ్య వచ్చిన ఒక నక్షత్రం వాటిని చదువు. అవి అసలు ఈ డిస్కు గురించేనా అన్నదీ చూడు. వేరే వస్తువుకు వచ్చిన పాత సమీక్షలను కొత్త సరుకు పేజీకి తగిలించే మోసం ఉంది. వాపసు షరతు ఏమిటో, ఎన్ని రోజులో, డబ్బు తిరిగిస్తారా, మార్చి మాత్రమే ఇస్తారా అన్నది కొనకముందే చదవాలి. "వెబ్‌సైట్ బయట నేరుగా యూపీఐలో పంపండి, తగ్గిస్తాను" అన్నవాడితో మాట పొడిగించకు.

జీఎస్టీ నంబర్‌తో బిల్లు, అట్ట మీద దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర ఉండాలి. వారంటీకి ఇవే ఆధారం. డాలస్ నుంచి మీ అన్నయ్య తెస్తానన్నాడని మీ అమ్మ చెప్పింది. అక్కడ ధర తక్కువే కావచ్చు, కాని ఒక దేశంలో అమ్మిన డిస్కుకు ఇంకో దేశంలో వారంటీ సేవ అందకపోవచ్చు. పాడైతే మళ్ళీ అమెరికా పంపాలి. తెప్పించుకోవాలనుకుంటే రెండో కాపీకి తెప్పించుకో, మొదటి దానికి వద్దు.

వాడిన డిస్కులను కొత్తవని అమ్మడం వేరే రకం మోసం, దీనిలో గట్టివాళ్ళు కూడా మోసపోయారు. డిస్కుల్లో ఖాళీ చోటు పెట్టి సంపాదించే చియా అనే డిజిటల్ నాణెం కోసం 2021లో జనం డిస్కులు గుట్టలుగా కొన్నారు. 2025 జనవరిలో జర్మనీకి చెందిన హైసే అనే పత్రికా సంస్థ ఒక సంగతి బయటపెట్టింది: కొత్తవని కొన్న సీగేట్ ఎక్సోస్ డిస్కులు కొన్ని వేల గంటలు తిరిగినవి, తిరిగిన గంటల లెక్కను ఎవరో సున్నా చేసి పెట్టారు. అవి చియా వాళ్ళు వదిలించుకున్నవే అయ్యుంటాయన్న అనుమానం అప్పుడే వచ్చింది. అయితే సీగేట్ డిస్కుల్లో ఫార్మ్ అనే లోపలి లెక్క ఇంకొకటి ఉంటుంది, అప్పుడు దొరికినవాటిలో దొంగలు దాన్ని మార్చలేదు. స్మార్ట్‌సీటీఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 7.4, ఆ తర్వాతి వెర్షన్లు దాన్ని చదువుతాయి. రెండు లెక్కల్లోనూ గంటలు కలవాలి. వాడినదని చెప్పి, తగ్గించి, వారంటీ ఇచ్చి అమ్మితే అందులో తప్పు లేదు, నేనూ కొన్నాను.

నా మాట వింటే ఒక్క 16 టీబీది కొనకు. రెండు 8 టీబీవి కొను, కుదిరితే రెండు వేరు దుకాణాల్లో, ఒకే ఖేపులో తయారైనవి కాకుండా. రెండింటిలోనూ అవే ఫైళ్ళు ఉంచు. లక్షల డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికా కంపెనీ తన లెక్కలు అందరికీ చూపిస్తుంది. 2024లో వాళ్ళ డిస్కుల్లో 1.57 శాతం పాడయ్యాయి. చల్లటి గదుల్లో, నిపుణుల చేతుల్లో ఉన్నవాటి సంగతి అది. మన ఎండలకు, కరెంటు కోతలకు, కార్లో అటూఇటూ తిప్పేదానికి ఇంకా ఎక్కువే అనుకోవాలి. ఒక కాపీ నీ స్టూడియోలో, ఒకటి మీ అమ్మ బీరువాలో. వీడియో పెళ్ళివాళ్ళ చేతికిచ్చేదాకా కెమెరా కార్డులు తుడవకు.

పార్సిల్ వచ్చిన రోజు అట్ట విప్పకముందే ఫోనులో వీడియో మొదలుపెట్టు. చిరునామా చీటీ, సీలు, లోపలి మెత్త, డిస్కు మీది సీరియల్ నంబర్ అన్నీ ఒకే వీడియోలో ఆపకుండా రావాలి. పలుచటి బుడగల కాగితంలో చుట్టి పెద్ద అట్టపెట్టెలో దొర్లుతూ వచ్చిందంటే కరెంటు పెట్టకుండానే వాపసు పంపు. సీరియల్ నంబర్‌ను తయారీదారు వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ ఏ తేదీ దాకా ఉందో చూడు. కంప్యూటర్ కంపెనీల కోసం చేసిన డిస్కు అయితే, కొన్నవాళ్ళకు నేరుగా వారంటీ లేదని అక్కడే తెలిసిపోతుంది.

తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో డిస్కు తిరిగిన గంటలు చూడు, సున్నా లేదా దాని దగ్గరలో ఉండాలి. రీఅలోకేటెడ్, పెండింగ్ అన్న రెండు సెక్టార్ లెక్కలూ, అంటే డిస్కులో పాడైన, పాడైనట్టు అనుమానమున్న చోట్ల లెక్కలు, సున్నా ఉండాలి. ఆపైన హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే పరీక్ష సాఫ్ట్‌వేర్ నడుపు. ఇది కూడా హైసే వాళ్ళ పత్రిక నుంచి వచ్చిందే. డిస్కు అంచుదాకా నింపి, రాసిన ప్రతి అక్షరాన్నీ మళ్ళీ చదివి సరిచూస్తుంది. నకిలీ డబ్బా దీని ముందు నిలవదు. 8 టీబీ డిస్కుకు రాయడానికి పన్నెండు గంటలు, చదవడానికి ఇంచుమించు ఇంకో పన్నెండు పడుతుంది. ఆ రోజంతా కంప్యూటర్‌ను దానికి వదిలేయి, ఇన్వర్టర్ మీద పెట్టు. వాపసు గడువు దాటకముందే ఇది అయిపోవాలి. ధనుర్మాసంలో పెళ్ళిళ్ళు ఉండవు, మాఘంలో ముహూర్తాలు మొదలైతే నీకు నిద్రే ఉండదు. అందుకే ఈ వారంలో తెప్పించు.

పరీక్షలో తప్పితే ఆ తెరను ఫోటో తీసి వెంటనే వాపసు అడుగు. అమ్మినవాడు సాగదీస్తే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చెయ్యి. అక్కడా తేలకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నువ్వు ఉన్న జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే.

ఇంత చదివాక ఇదంతా ఎందుకు, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళి చేత్తో పట్టుకుని కొనవచ్చు కదా అనిపిస్తే, అదీ మంచి ఆలోచనే. ఆన్‌లైన్ ధర చూపించి అడుగు. నాలుగైదు వందలు ఎక్కువైనా, తిరిగి వెళ్ళి అడగగల మనిషి ఒకడు ఎదురుగా ఉంటాడు.

డిస్కులు చేరిన రోజు సీరియల్ నంబర్లు, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెర ఫోటో తీసి నాకు పంపు, నేనూ ఒకసారి చూస్తాను. మీ అత్తయ్య సంక్రాంతికి రమ్మని మరీ మరీ చెబుతోంది. వచ్చేటప్పుడు ఒక డిస్కు వెంట తీసుకురా. నా దగ్గర 2009 నుంచి తీసిన పెళ్ళిళ్ళు మూడు పాత డిస్కుల్లో ఉన్నాయి, వాటిలో ఒకటి ఈ మధ్య టిక్కు టిక్కుమంటోంది. ముందు దాన్ని ఎక్కిద్దాం.

ఇట్లు,
మామయ్య