మాత్ర మింగబుద్ధి కాని రోజులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 39 ఏళ్లు, మాది రేణిగుంట దగ్గర పల్లె. పదకొండేళ్లుగా తిరుపతికి వెళ్లి హెచ్‌ఐవీకి వాడే ఏఆర్‌టీ మాత్రలు తెచ్చుకుంటున్నాను. మా ఆయన పోయి ఆరేళ్లయింది. ఇంట్లో అత్తగారు, ఇంటర్ చదివే కొడుకు ఉన్నారు. నా జబ్బు సంగతి అత్తగారికి తెలియదు. సీసా చప్పుడు వినబడుతుందని మాత్రలను కాగితంలో పొట్లం కట్టి పోపుల పెట్టె అడుగున దాచుకుంటాను. ఇన్నేళ్లలో ఒక్క పూట కూడా తప్పలేదు. ఐదారు నెలలుగా మాత్రం దేని మీదా మనసు పోవడం లేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది, అన్నం సయించడం లేదు. రాత్రి పొట్లం విప్పి, చూసి, మళ్లీ కట్టేసిన రోజులున్నాయి. మొన్న వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే లెక్క) 4,200 వచ్చింది. సెంటర్లో ‘ఇన్నేళ్ల తర్వాత ఈ నిర్లక్ష్యమేమిటి’ అని కోప్పడ్డారు. ఇంకా ఎందుకు బతకాలి అనిపిస్తోంది. డిప్రెషన్ మాత్రలు ఈ మాత్రలతో పడతాయా?

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన బతుకు మీది విరక్తి మాటకే ముందుగా జవాబు చెప్పాలి. ఆ ఆలోచన ఎప్పుడో వచ్చి పోయేదిగా కాక, ఎలా చేసుకోవాలన్న దాకా వెళితే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా ఉండకండి. వెంటనే దగ్గరలోని ఆసుపత్రికి వెళ్లండి, లేదా 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్. రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.

ఇక మీరు వర్ణించిన నిద్రలేమి, తిండి సయించకపోవడం, దేని మీదా మనసు లేకపోవడం, ఇవన్నీ నెలల తరబడి కలిసి ఉంటే వైద్యులు ముందుగా అనుమానించేది డిప్రెషన్‌నే. పొట్లం విప్పి మళ్లీ కట్టేయడం నిర్లక్ష్యం అనుకోను. పదకొండేళ్లు ఒక్క పూట తప్పని మనిషి అకస్మాత్తుగా తప్పుతోందంటే, ఆమెను కోప్పడే ముందు నిద్ర ఎలా పడుతోందని అడగాలి. అమెరికాలో నాలుగు నగరాలకు చెందిన 765 మంది హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలను ఏడేళ్ల దాకా గమనించి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, కుంగుబాటు విడవకుండా ఉన్నవారు, అది లేనివారి కంటే లేదా కొద్దిగానే ఉన్నవారి కంటే సుమారు రెండింతలుగా మరణించారు. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి రాయలేదు. సెంటర్లలో పనిచేసేవారు కూడా ఈ పేజీ చదువుతారు గనుక, మనసుకు చేసే వైద్యం హెచ్‌ఐవీ వైద్యంలో భాగమేనని వారికి గుర్తు చేయడానికి రాశాను.

ఒక చిన్న సంగతి అడగాలి. పదకొండేళ్ల క్రితం మీకు ఎఫావిరెంజ్ ఉన్న మాత్ర ఇచ్చి ఉంటే, తల తిరుగుతుందని పడుకునే ముందు వేసుకోమని ఉంటారు. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్న మాత్రలో డొలుటెగ్రావిర్ ఉంటుంది. కొందరికి దానితో నిద్ర చెడుతుంది. మాత్ర మారినా రాత్రి వేసుకునే అలవాటు మాత్రం అలాగే మిగిలిపోయినవారిని నేను చాలామందిని చూశాను. ఉదయానికి మార్చుకోవచ్చేమో సెంటర్ డాక్టరును అడగండి. అలాగే థైరాయిడ్, రక్తహీనత, క్షయ పరీక్షలు చేయించమని కోరండి. ఆకలి పోవడానికి, నీరసానికి అవి కూడా కారణం కావచ్చు.

మీరు అడిగిన దానికి జవాబు: పడతాయి. సెర్ట్రాలిన్, ఎస్సిటలోప్రామ్ వంటి సాధారణ డిప్రెషన్ మందులకు డొలుటెగ్రావిర్ ఉన్న మాత్రతో చెప్పుకోదగ్గ పేచీ లేదు. అయితే రాసే డాక్టరుకు మీ ఏఆర్‌టీ పుస్తకం తప్పక చూపించాలి, ఎందుకంటే మూర్ఛకు వాడే కార్బమజెపిన్ వంటి కొన్ని మందులు డొలుటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తాయి. డిప్రెషన్ మందుల గుణం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారం ఏమీ మారలేదని మానేయకండి. తిరుపతిలోని రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి వెళ్లడానికి మీ జబ్బు సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పనక్కరలేదు. మీ అనుమతి లేకుండా దాన్ని బయటపెట్టడాన్ని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం నిషేధిస్తోంది.

వైరల్ లోడ్ 4,200 అంటే మందు ఓడిపోయిందని కాదు. మాత్రలు క్రమంగా వేసుకుంటే చాలామందిలో అది మళ్లీ దిగుతుంది. డొలుటెగ్రావిర్‌కు వైరస్ అంత తేలికగా లొంగకుండా పోదు. సుమారు మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తారు. ఆలోగా ‘మాత్రలు తప్పాయి, మనసు బాగాలేదు’ అని కౌన్సెలరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. పొట్లం మాత్రం వద్దమ్మా. సీసాలోని తేమ పీల్చే చిన్న సంచితో సహా మాత్రలను సీసాలోనే ఉంచి, చీర మడతలో చుట్టి బీరువాలో పెట్టుకోండి. పోపుల పెట్టె పొయ్యి దగ్గర వేడికి, ఆవిరికి గురవుతుంది.

ప్రశ్న: మాది చిత్తూరు. నా భార్య ఏఆర్‌టీతో పాటు ఎనిమిది వారాలుగా డిప్రెషన్ మందు వాడుతోంది. బాగా తేరుకుంది, మళ్లీ మిషన్ కుడుతోంది. ఇక ఆ మందు ఆపవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. తేరుకున్న తర్వాత కూడా సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగిస్తారు. ఇంతకు ముందు కూడా కుంగుబాటు వచ్చి ఉంటే ఇంకా ఎక్కువ కాలం. ఆపేటప్పుడు కూడా డాక్టరు చెప్పినట్టు మోతాదు క్రమంగా తగ్గించుకుంటూ రావాలి. ఒక్కసారిగా మానేస్తే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం వంటివి రావచ్చు. ఈ మందు ఆపినా ఏఆర్‌టీ మాత్రం ఆపకూడదని ఆమెకు స్పష్టంగా చెప్పండి.