ఫైబర్ తెగినా రెండో లైన్ ఎందుకు ఎత్తుకోలేదు?

ప్రశ్న: సార్, తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర మాకు లాడ్జి ఉంది. ఒక ఫైబర్ లైను, ఒక 4జీ లైను పెట్టుకున్నాం. సిస్కో రౌటర్‌లో రెండు డిఫాల్ట్ రూట్లు (ఇంటర్నెట్‌కి పోయే దారులు) రాసి 4జీదానికి చివర్లో 10 అని పెట్టినాం. పోయిన శనివారం రాత్రి ఫైబర్ తెగింది, రెండోదానికి మారనే లేదు, యాత్రికులు సామాన్లతో కౌంటర్ దగ్గర గంటసేపు నిలబడినారు. తప్పెక్కడుంది?

జవాబు: మీరు రాసినదాంట్లో తప్పు లేదండీ, ఒక ముక్క తక్కువైంది అంతే. ఆ 10 అనేది అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్, స్టాటిక్ రూట్‌కి (చేత్తో రాసిన రూట్‌కి) ఏమీ పెట్టకపోతే అది 1, ఎంత తక్కువుంటే రౌటర్‌కి ఆ రూట్ మీద అంత నమ్మకం, అందుకే 10 ఉన్నది కాన్ఫిగ్‌లో కూర్చునుంటుంది గానీ మొదటిది రౌటింగ్ టేబుల్లోంచి (రౌటర్ వాడుతున్న దారుల పట్టికలోంచి) పోతేనే పైకొస్తుంది. ఫ్లోటింగ్ స్టాటిక్ రూట్ అనేది దీన్నే.

మీ కేసులో మొదటిది పోలేదు. ఫైబర్ తెగింది రోడ్డు మీద, మీ రౌటర్ కేబుల్ గుచ్చింది గోడకున్న ఓఎన్‌టీ పెట్టెకి (ఫైబర్ వచ్చి ముగిసేది అందులోనే), ఆ పెట్టెలో ఎర్ర లైటు కొట్టుకుంటున్నా దానికి కరెంటు ఉన్నంతసేపు రౌటర్ వైపు పోర్టు పచ్చగానే వెలుగుతా ఉంటుంది, ఇంక రూట్ ఎందుకు తీసేస్తుంది చెప్పండి.

కాబట్టి ఐపీ ఎస్‌ఎల్‌ఏ (లైను పనిచేస్తోందా అని రౌటరే పరీక్ష చేసుకునే సదుపాయం) పెట్టి బయటి అడ్రస్ ఒకటి, 8.8.8.8 అనుకోండి, 10 సెకన్లకోసారి పింగ్ చేయించండి, అంటే జవాబొస్తుందా అని పలకరించడం (ఏమీ చెప్పకపోతే 60 సెకన్లకోసారి చేస్తుంది), ఎప్పుడు మొదలెట్టాలో చెప్పే షెడ్యూల్ లైన్ మర్చిపోతే అసలు మొదలే కాదు. దానికో ట్రాక్ (పింగ్ ఫలితాన్ని కనిపెట్టుకునుండేది) కట్టి, ఆ ట్రాక్‌ని ఫైబర్ రూట్ చివర తగిలించండి, పింగ్ ఆగితే ఆ రూట్ టేబుల్లోంచి పోతుంది, 10 ఉన్నది పైకొస్తుంది. ఒక్క పింగ్ తప్పితేనే మారిపోకుండా ట్రాక్‌లో కొంచెం డిలే ఇవ్వండి. ఇంకోటి చాలామంది వదిలేస్తారు, 8.8.8.8కి ఫైబర్ గేట్‌వే (ఫైబర్ వైపు మొదటి మజిలీ) మీదుగా విడిగా ఒక రూట్ రాయాలి, లేదంటే 4జీకి మారగానే పింగ్ అటునుంచి పోయి సక్సెస్ అవుతుంది, రౌటర్ ఫైబర్ బాగైంది అనుకుని మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి, రాత్రంతా ఇదే ఆట. అదే 8.8.8.8ని గెస్టుల వైఫైకి డీఎన్ఎస్‌గా (సైటు పేరుకి అడ్రస్ చెప్పే సర్వర్‌గా) ఇవ్వొద్దు, ఫైబర్ పోయినప్పుడు అది అందదు. 4జీ వైపు నాట్ (లోపలి అడ్రస్‌లని బయటి అడ్రస్‌గా మార్చేది) ఉందా లేదా కూడా చూసుకోండి.

చిత్తూరులో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేను రౌటర్ కేబుల్ పీకి చూసి (అలా పీకితే పోర్టే ఆరిపోయి రూట్ పోతుంది), మారింది కదా అని వచ్చేశాను, సీజన్ మధ్యలో ఫైబర్ తెగితే మారలేదు, లారీలు గేటు బయటే ఆగిపోయినాయి. మీరు మాత్రం ఓఎన్‌టీలోంచి ఆ సన్న ఫైబర్‌నే కనెక్టర్ పట్టుకుని తీసి టెస్ట్ చేయండి, దాని కొసని ముట్టుకోవద్దు, కంటికి ఎదురుగా పెట్టుకోవద్దు. వారాంతంలో కాకుండా రద్దీ తక్కువుండే మధ్యాహ్నం పూట చేయండి.